క్రయ్యము, క్రేయము: వివాహవిక్రయహాస్య విచారము

వివాహము సంస్కారమా, వ్యవహారమా యను ప్రశ్న క్రొత్తది కాదు. ధర్మశాస్త్రకారులు వివాహముల నెనిమిది విధములుగా విభజించుటయే యీ ప్రశ్నయొక్క ప్రాచీనతకు సాక్ష్యము. కన్యను అలంకరించి యేమియుఁ గొనక దానము చేయుట బ్రాహ్మము. ధనము గొని యిచ్చుట యాసురము. ఈ భేదమును శాస్త్రము చెప్పినది, లోకము విన్నది. విని, ఆసురము నాచరించుచు దానికి బ్రాహ్మమని పేరు పెట్టుకొన్నది. వస్తు వొకటి, పేరు వేఱొకటి యైన యీ యెడమునుండియే వివాహవిషయకమైన హాస్యమంతయుఁ బుట్టినది. ధనమునకై, కులగౌరవమునకై కుదుర్పఁబడు పెండ్లిండ్లనుగూర్చి తెలుఁగునఁ బుట్టిన నాటకములయు, బ్రహసనములయు బలమెట్టిదో, వాని కొఱఁత యెచ్చట నున్నదో యెఱుఁగుటకు ఈ యెడమే సరియైన కొలబద్ద.

ఈ విచారమునకు నెల్లూరు మండలపుఁ బడమటిభాగమైన ఉదయగిరి, ఆత్మకూరు సీమలు తగిన నెలవు. ఇందుకుఁ గారణములు రెండు. 15వ శతాబ్దమున నందిమల్లయ, ఘంటసింగన యను జంటకవులు కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయనాటకమును దెలుఁగుకావ్యముగా రచించి, ఉదయగిరి ప్రభువుకడ మంత్రియైన గంగయామాత్యున కంకిత మిచ్చిరి. కులగౌరవమునకై చేసికొన్న పెండ్లిని బరిహసించు మూలనాటకపుఁ గథ యీ విధముగా ఉదయగిరి మంత్రిసభకు వచ్చినది. ఇది యొక కారణము. 1992వ సంవత్సరమున ఉదయగిరికిఁ దూర్పుననున్న కలిగిరి మండలపు దూబగుంట గ్రామమున, అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు పాఠ్యపుస్తకమునందలి యొక కథ చదివి సారాయంగడిని మూయించిరి. ఇది రెండవది. మొదటిది పరిహాసముయొక్క ప్రాచీనతకు, రెండవది కథకుఁ గల క్రియాశక్తికి నిదర్శనములు. ఒక కథ యంగడిని మూయింపఁగలిగినప్పుడు, ఇన్ని ప్రహసనములు పెండ్లిబేరమును ఏల మాన్పింపలేకపోయిన వనునదియే యిచ్చట విచార్యము.

మొదట గౌరవవివాహమును జూడవలయును. 11వ శతాబ్దమువాఁడైన కృష్ణమిశ్రుని మూలమున, ద్వితీయాంకమున, అహంకారుఁడను పాత్ర కాశికి వచ్చి దంభుని యాశ్రమమునఁ దన కులమహిమను వర్ణించుకొనును. తన తల్లి యంత యుజ్జ్వలమైన వంశమునఁ బుట్టినది కాదఁట. తాను మాత్రము సచ్ఛ్రోత్రియుల కన్యను బెండ్లాడెనఁట. కావునఁ దండ్రికంటెఁ దానే యధికుఁడఁట. అంతటితో నాఁగఁడు. బావమఱఁది మేనల్లుని కూఁతురిపై నెవరో లేనినింద మోపిరని, ఆ సంబంధపు మైల తనకు సోఁకకుండ, ప్రియురాలైన యిల్లాలినే విడిచిపెట్టెనఁట.

ఇందు ధనప్రసక్తి లేదు. అయినను బేరమున్నది. వంశగౌరవమే యిచ్చటి నాణెము. భార్య తన్నుఁ దండ్రికంటె నొక మెట్టు పైకెక్కించినంతవఱకు లాభము; ఎన్నఁడును జూడని దూరబంధువుమీఁది నిందచేత నా మెట్టు కదలినంతనే నష్టము; నష్టము వచ్చిన సరకును వదలుకొనుట వర్తకనీతి. అహంకారుఁడు చేసిన దింతియే. కాని యాతఁడు దానిని శుచిత్వమని పేర్కొనుచున్నాఁడు. ఇచ్చట నలంకారజ్ఞులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. వ్యాజస్తుతియందు వక్త యెఱిఁగియే స్తుతిరూపమున నిందించును. ఇచ్చట వక్త యెఱుఁగఁడు, స్తోత్రమనుకొనియే పలుకుచున్నాఁడు. ఎఱిఁగినవాఁడు కవి, ఎఱుఁగవలసినవాఁడు సామాజికుఁడు. నిందించువాఁడు వేఱొకఁడు లేకయే నింద నిష్పన్నమగుచున్నది. వివాహపరిహాసమునకు శ్రేష్ఠమైన మార్గమిదియే. తరువాతి రచనలలో నీ మార్గమును విడిచిన చోట్ల హాస్యము పలుచఁబడినది.

ఇఁక శబ్దవిచారము. మనుస్మృతి తృతీయాధ్యాయమునఁ దండ్రి కన్యకు శుల్క మణుమాత్రమైనను గొనరాదనియు, లోభముచేఁ గొన్నవాఁడు సంతానవిక్రయి యగుననియుఁ జెప్పఁబడినది. ఆర్షవివాహమున వరునినుండి గ్రహించు గోమిథునము శుల్కమని కొందఱనిరి. ఆ వాదము మిథ్య యనియు, స్వల్పమైనను అధికమైనను విక్రయము విక్రయమే యనియు స్మృతికారుఁడు నిరాకరించెను. అనఁగా, పేరు మార్చి మూల్యమును దాఁచు యత్నము స్మృతికాలమునకే కలదు. దానిని ఖండించువారును గలరు. నేఁటి వాడుకమాటలు చూచినను నిదియే తీరు. ఓలి యన్నది కన్యాశుల్కమునకుఁ దెలుఁగుపేరు. దానియందు మూల్యభావము దాఁగలేదు. కట్న మన్ననో, మొదట గౌరవపూర్వకముగా నిచ్చు కానుక. బలవంతముగాఁ గొనునది కాదు. లాంఛన మనఁగా గుఱుతు, గుఱుతుకు మూల్యముండదు. ఓలి యొకవైపునుండి పోయి, కట్నము వేఱొకవైపునుండి వచ్చినప్పుడు ధనప్రవాహపు దిక్కు మాత్రమే మాఱలేదు. మూల్యము కానుకపేరుఁ దాల్చినది. పేరు చక్కనిదైన కొలఁది బేరము గట్టిపడినది.

ఈ సందర్భమునఁ బాణిని చేసిన యొక శబ్దభేదము మిక్కిలి యుపకరించును. కొనుట యను నర్థముగల క్రీధాతువునకు యత్ప్రత్యయము చేరఁగా సామాన్యముగా 'క్రేయము' అను రూపమగును. కొనఁదగినది యని యర్థము. అయితే, కొనువారు కొనవలెనను నుద్దేశముతో నంగడిలోఁ బఱచిన వస్తువైనచో 'క్రయ్యము' అను ప్రత్యేకరూపమును షష్ఠాధ్యాయప్రథమపాదమున నాచార్యుఁడు సాధించెను. గాదెలోని వడ్లు క్రేయములు కావచ్చును; సంతలో గోనెపట్టపై రాశివోసిన వడ్లే క్రయ్యములు. వస్తు వొకటే, ధాతు వొకటే, ప్రత్యయ మొకటే. అమ్మకమునకు బయటఁ బెట్టితినని యొప్పుకొనుటయందే భేదము.

పెండ్లిబేరమునందు వధువుగాని వరుఁడుగాని యెప్పుడును గ్రేయమే. ఎన్నఁడును గ్రయ్యము కాదు. వెల కుదురును; అంగడి కనఁబడదు. ఈ క్రేయమును గ్రయ్యముగాఁ జేసి, గాదెలోని రాశిని సంతలోనికిఁ దెచ్చి పోయుటయే ప్రహసనకర్త పని. ఏ రచన యీ పనిని సంపూర్ణముగాఁ జేసినదో యది సఫలము; అమ్మువాని దురాశను మాత్రము చూపి యూరకున్నది యర్ధసఫలము.

కందుకూరి వీరేశలింగముపంతులు 1876 ప్రాంతమున రచించిన 'బ్రాహ్మవివాహము' ఈ మార్గమున మొదటి యడుగు. వృద్ధుఁడు ధనబలమున బాలికను బెండ్లాడు కథకు, ఎనిమిదింటిలో నుత్తమమైన వివాహముపేరు పెట్టుటయే యా ప్రహసనపుఁ బ్రధానపరిహాసము. లోకము దానిని 'పెద్దయ్యగారి పెండ్లి' యని పిలిచినది. గ్రంథకర్త లోకము వాడు పేరును గ్రంథమునకుఁ బెట్టఁగా, లోకము గ్రంథమునకు వస్తువుయొక్క పేరును బెట్టినది. ఇంతకంటె మంచివ్యాఖ్య యా ప్రహసనమునకు దుర్లభము.

గురజాడ వేంకట అప్పారావుపంతులు 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున జగన్నాథవిలాసినీసభవారిచేఁ బ్రదర్శింపఁబడి, 1897లో అచ్చుపడి, 1909లో విపులీకృతరూపమును బొందెను. దాని తొలికూర్పు పీఠికలో విశాఖపట్టణమండలమున శుల్కముగొని చేసిన పెండ్లిండ్లనుగూర్చి విజయనగర మహారాజు సిద్ధము చేయించిన పట్టికనుండి లెక్క లీయఁబడినవి. పట్టిక కెక్కిన పెండ్లిండ్లు 1034. ఏఁటికి సగటున 344. పెండ్లికూఁతులలో అయిదేండ్లవారు 99, నాలుగేండ్లవారు 44, మూఁడేండ్లవారు 36, రెండేండ్లవా రార్గురు, ఏఁడాదిశిశువులు మువ్వురు. ఆ శిశువుల వెల తలకు 350 మొదలు 400 రూపాయలవఱకు. నాటకమునకుముందు పట్టికను జేర్చుట యసాధారణమైన పని. గాదెలోని రాశిని సంతలోఁ బోసినది మొదట నా యంకెలే. తరువాతనే పాత్రములు ప్రవేశించినవి.

నాటకమున నగ్నిహోత్రావధానులు పెద్దకూఁతురు బుచ్చమ్మ వైధవ్యమును గన్నులారఁ జూచుచునే చిన్నకూఁతురు సుబ్బిని వృద్ధుఁడైన లుబ్ధావధానుల కీయ నిశ్చయించును. తల్లి వెంకమ్మ నూతిలోఁ బడఁబోవును. ఆమె సోదరుఁడు కరటకశాస్త్రి యా సంబంధమును జెఱుపుటకై తన శిష్యునికి స్త్రీవేషము వేసి, తన కూఁతురని చెప్పి, తక్కువ శుల్కమునకు లుబ్ధావధానులకే యిచ్చి పెండ్లిచేయును. పిమ్మట శిష్యుఁడు మాయమగును. పెండ్లికూఁతురు ఖూనీయైనదని వ్యవహారము న్యాయస్థానమున కెక్కును.

కపటవధువుయొక్క యీ కల్పన కేవలము వినోదమునకై వచ్చినది కాదు. లుబ్ధావధానులు కొన్న దేమి? కన్యకాదు, కన్య యను పేరు. వస్తువు లేకయే పేరునకు వెల యీయఁబడినది. శబ్దమాత్రమున నుండి వస్తుశూన్యమైన జ్ఞానమును యోగశాస్త్రమున వికల్ప మందురు. ఈ పెండ్లి యట్టి వికల్పమే. కన్యయొక్క గుణము, మనస్సు, వయస్సు, ఇష్టము వీనిలో నేదియు బేరమున లెక్కకు రానప్పుడు, కన్యయే లేకున్నను బేరమునకు లోపము లేదని కవి నిరూపించెను. శుల్కవివాహమునందు వధువు మొదటినుండియు లేనిదే యని దీని తాత్పర్యము. శిష్యుని వేషము చూచి నవ్విన సామాజికుఁడు ఒక్కక్షణము నిలిచి యాలోచించెనేని, సుబ్బికిని ఆ శిష్యునికిని బేరముదృష్టిలో భేదము లేదని గ్రహింపఁగలఁడు. ఆ గ్రహణము కలిగినచోఁ దరువాతి నవ్వు సులభముగా రాదు.

ఆ కాలమునకు వరునినుండి వధువు తండ్రికిఁ బోవుచున్న ధనము, కాలక్రమమున వధువుతండ్రినుండి వరుని తండ్రికిఁ బోసాగెను. ఇంగ్లీషుచదువు, కొలువు, భూవసతి వరునకు వెలకట్టు ప్రమాణములైనవి. ఈ మాఱిన దశను బట్టి చూపిన నాటకము కాళ్లకూరి నారాయణరావు గారి 'వరవిక్రయము'. 1871లో జన్మించి 1927లో గతించిన యీ కవి తన చివరిదశాబ్దమున రచించిన యీ నాటకమునఁ బేరునందే విక్రయశబ్దమును నిలిపెను. వీరేశలింగముపంతులు లోకము వాడు మంచిపేరును బెట్టి పరిహసించెను. నారాయణరావుగారు లోకము దాఁచు చెడ్డపేరును బయటఁ బెట్టిరి. ఈ నాటకము 1939లో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వమునఁ జలనచిత్రమై, భానుమతికిఁ దొలిచిత్రముగాఁ బ్రసిద్ధి నొందెను.

కథ సుపరిచితము. పురుషోత్తమరావునకుఁ గాళింది, కమల యను నిద్దఱు విద్యావతులైన కూఁతులు. సింగరాజు లింగరాజు ధనవంతుఁడు, పరమలోభి. అతని కుమారుఁడు బసవరాజు. కట్నమునకై పురుషోత్తమరావు భూమి నమ్ముకొనఁగా, ఆ యవమానమునకు సహింపలేక కాళింది ప్రాణత్యాగము చేయును. లింగరాజు పుచ్చుకొన్న కట్నమును దిరిగి యీయఁడు. పిమ్మటఁ గమల యా వరునే పెండ్లాడి, మీ రమ్మితిరి, మేము కొంటిమి, కొన్నవస్తువు కొన్నవారి యింట నుండవలయునని వాదమునకు దిగి మామగారిని న్యాయస్థానమున కెక్కించును.

కమల వాదమునందలి చమత్కారమును శాస్త్రదృష్టిఁ బరీక్షింపవలయును. పలానివారు ఇంత పోసి యల్లునిఁ గొన్నారని లోకమున వాడుక. ఆ మాట లాక్షణిక మనుకొని యందఱును నవ్వి యూరకుందురు. ముఖ్యార్థమునకు బాధ కలిగినప్పుడే కదా లక్షణను ఆశ్రయింపవలసినది. ఇచ్చట బాధ యెక్కడ నున్నది? వెల యడుగఁబడినది, తగ్గింపుమని ప్రార్థింపఁబడినది, తగ్గింపనని చెప్పఁబడినది, రొక్కము లెక్కించి పుచ్చుకొనఁబడినది. ఇది క్రయము కాదనుటకు హేతు వొక్కటియు లేదు. కావున లక్షణకుఁ దావు లేదు; అభిధయే శరణ్యము. లోకము లక్షణచాటున దాఁచిన యర్థమును గమల యభిధలోనికి లాగికొనివచ్చినది.

కారకదృష్టిచేతను ఈ వాద మిట్లే బలపడును. కన్యాదానమునఁ దండ్రి కర్త, కన్య కర్మ, వరుఁడు సంప్రదానము. విక్రయమున లింగరాజు కర్త, వరుఁడే కర్మ. సంప్రదానముగా నుండవలసినవాఁడు కర్మస్థానమునకు దిగెను. లింగరాజు మాత్రము మూల్యము గ్రహించునప్పుడు విక్రేతగాను, వస్తువు నప్పగింపవలసినప్పుడు దానగ్రహీత తండ్రిగాను ఉండఁగోరును. కమల యాతనిని క్రూరుఁడని నిందింపదు. నమ్మకములేని వర్తకుఁడని నిందించును. అహంకారుని స్వస్తుతివలెనే యిచ్చటను లింగరాజు తన మాటలచేతనే కట్టువడుచున్నాఁడు. నాటకమున శ్రేష్ఠభాగమిది.

ఈ నాటకముపై నొక పూర్వపక్షము కలదు. హాస్యమునకుఁ గరుణము విరోధి యని యాలంకారికులు చెప్పుదురు; కాళింది మరణముచేత హాస్యము భంగపడలేదా యని. ఆలంబనమొక్కటియే యైనప్పుడు విరోధము పొసఁగును. ఆలంబనభేదమున్నచో దోషము లేదు. హాస్యమునకు లింగరాజు, కరుణమునకుఁ గాళింది యాలంబనములు. అంతియగాక రెంటికిని మూలము ఆ కట్నపు సొమ్మే. నవ్వించిన సొమ్మే చంపినదని తెలిసినప్పుడు సామాజికునకుఁ గలుగు కలఁతయే కవి కోరినది. కాళింది మరణించినను సొమ్ము తిరిగి రాలేదు. మరణము కూడ లింగరాజు లెక్కపుస్తకమున జమపద్దునకే చేరినది. ఇట్టి యంశమును గరుణమనియో హాస్యమనియో విడఁదీయుట కష్టము, విడఁదీయనక్కఱయు లేదు.

నిజమైన కొఱఁత వేఱొకచోట నున్నది. లింగరాజు సామాన్యుఁడు కాఁడు, అత్యంతలోభి. లుబ్ధావధానులకుఁ బేరునందే లోభము కలదు. ఇట్టి పాత్రములను జూచి సామాజికుఁడు సుఖముగా నవ్వును. ఏలయన తా నంత లోభి కాఁడు. తన కుమారునకు మితముగాఁ గట్నము గొన్నవాఁడు సైతము, అమితముగాఁ గొన్న లింగరాజును జూచి తన మితత్వమునకు సంతసించుచు నిలు చేరును. వ్యాధి యందఱి దైనప్పుడు, దాని లక్షణములను అసాధారణుఁడైన యొక్కని మైఁ జూపుట రోగులకు మందు కాదు.

నాటకమున నిజముగాఁ బరీక్షింపవలసిన పాత్రము పురుషోత్తమరావు. ఆతఁడు మంచివాఁడు; కట్నము తప్పని యెఱిఁగినవాఁడు; కూఁతులను జదివించినవాఁడు. అయినను భూమి నమ్మి కట్న మిచ్చుచున్నాఁడు. విక్రయమునకు విక్రేత యొక్కఁడు చాలఁడు, క్రేతయు నుండవలయును. కవి యీ క్రేతయందు జాలి చూపెను, పరిహాసము చూపలేదు. కాళింది మాత్రము చూపినది. ఆమె ప్రాణము విడిచినది లింగరాజు దురాశకుఁ గాదు. తన పేర భూమి యమ్మఁబడినందులకు. ఆమె మరణము తండ్రి మంచితనముపై నొక తీర్పు. ఈ తీర్పును నాటకము పలికినదే కాని, తరువాత లింగరాజు నోడించు వేడుకలో మఱచినది. ఓడినవాఁడు లోభి, మంచివాఁడు కొన్న బేరమును గూర్చిన ప్రశ్న యట్లే యుండిపోయినది.

జనపదకళలయం దీ కొఱఁత తక్కువ. తెలుఁగునాఁట నెల్లెడలవలెనే యుదయగిరి, ఆత్మకూరు సీమలయందును బెండ్లివేళ వియ్యాలవారి పాటలు కలవు. ఇరుపక్షముల స్త్రీలు నెదురెదురుగా నుండి, వియ్యపురాలి పిసినిగొట్టుతనమును, తెచ్చిన చీరల పలుచఁదనమును, చెప్పుకొన్న గొప్పలయందలి బోలుతనమును ఎత్తిపొడుతురు. తోలుబొమ్మలాటలో రామకథనడుమ కేతిగాఁడు, బంగారక్క వచ్చి సంసారములయందలి గుట్టులను వీధిఁ బెట్టుదురు. వియ్యాలపాటయొక్క విశేష మేమనఁగా, ఎగతాళి చేయఁబడువా రెదుటనే కూర్చుండియుందురు. మా పక్షము మీ పక్షము నన్నది. మఱుక్షణమే మీ పక్షము మా పక్షము ననును. ఎవరును గేవలసామాజికులుగా మిగులరు. నాటకశాలయందు లేని సాక్షాత్త్వ మిందుఁ గలదు. అయితే దీనికిని హద్దు కలదు. ఆ ఎగతాళి పెండ్లి నాఁటికి మాత్రమే యనుజ్ఞాతము, కోపపడరాదన్నది మర్యాద. ఇచ్చిపుచ్చుకొనుటలు ముగిసిన పిదపఁ బాడు పాట, బేరమునకు మంగళహారతి యగునే కాని యడ్డంకి కాదు.

శాసనమును నీ నామధేయపుఁ జిక్కులోనే పడినది. ఆంధ్రప్రదేశమునఁ గట్ననిషేధమునకు 1958లో నొక శాసనము పుట్టెను. భారతదేశమునకంతకును 1961లో వరకట్ననిషేధశాసనము వచ్చెను. ఆ శాసనము మొదట వివాహమునకుఁ బ్రతిఫలముగా నిచ్చిన సొమ్మునే కట్నమని నిర్వచించెను. ప్రతిఫలమని యెవ రొప్పుకొందురు? కానుక యందురు, లాంఛన మందురు, పసుపుకుంకుమ యందురు. ఆర్షవివాహపు గోమిథునము విక్రయము కాదన్న పురాతనవాదమే న్యాయస్థానమునఁ బునర్జన్మ మెత్తినది. అందువలన 1984 సవరణచేత, ప్రతిఫలముగా ననుటకు మాఱుగా, వివాహసంబంధముగా నను మాట చేర్పఁబడినది; 1986 సవరణచేత వివాహమునకుఁ దరువాతఁ గొన్నదియుఁ జేరినది. స్మృతికారుఁడు స్వల్పమైనను అధికమైనను విక్రయమే యని చెప్పినదానిని శాసనకర్త లిరువదిమూఁడేండ్లు గడచిన పిదపఁ బదమార్పుచేత సాధింపఁ జూచిరి. పదము మాఱిన మాత్రమున నాచారము మాఱలేదన్నది యందఱు నెఱిఁగినదే.

ఇఁక దూబగుంట. నెల్లూరుమండలమున సాగిన యక్షరాస్యతోద్యమమున రాత్రిబడులలోఁ జదివిన పాఠములలో సీతమ్మకథ యొకటి. సారాయిచేఁ జెడిన సంసారములలోని స్త్రీలు గూడి తమ యూర నంగడిని మూయించుట దాని సారము. 1992లో దూబగుంట స్త్రీలు దానిని బాఠముగా విడువక పనిగాఁ జేసిరి. ఆ యుద్యమమున వర్ధినేని రోశమ్మ పేరు ప్రసిద్ధము. అది యుదయగిరి, ఆత్మకూరు పల్లెలు మొదలుగా జిల్లా యంతటను, పిదప రాష్ట్రమంతటను వ్యాపింపఁగా, 1993 అక్టోబరు 1వ తేదినుండి రాష్ట్రమున సారాయమ్మకము నిషేధింపఁబడెను. 1995లో వచ్చిన సంపూర్ణమద్యనిషేధము 1997లో సడలెను. కావున కథ సర్వము సాధించె నన రాదు. అయినను ఒక్క చిన్నకథ యొక గ్రామపు టంగడిని మూయించుట సామాన్యము కాదు.

సీతమ్మకథ శిల్పమునఁ గన్యాశుల్కమునకో వరవిక్రయమునకో సాటి రాదు. అట్లయ్యును ఫలమున మించెను. హేతువు శిల్పమున వెదకిన దొరకదు; వస్తుస్వభావమునందున్నది. సారాయి క్రయ్యము. అంగడి యున్నది, అమ్మువాఁ డున్నాఁడు, వాఁడు పరుఁడు, నష్టము ఇంటిది. తలుపు మూయవలెనన్నఁ దలుపు కనఁబడుచున్నది. వరుఁడు క్రేయమే కాని క్రయ్యము కాఁడు. అంగడి లేదు, ఇంటినడవయే యంగడి. అమ్మువాఁడును గొనువాఁడును బంధువులు. అంతియకాదు, కూఁతురు పెండ్లినాఁడు కొన్నవాఁడే కొడుకు పెండ్లినాఁడు అమ్మును. ఒకచేతఁ బోయినది వేఱొకచేత రాఁబట్టుకొనవలెనను నాస యుండును. పురుషోత్తమరావునకుఁ గుమారుఁ డొకఁడుండెనేని యాతఁ డేమి చేసియుండునో నాటకము చెప్పదు. ఇద్దఱును గూఁతులే యగుటచేత నాతని మంచితనము పరీక్షకు రాలేదు.

వేఱొక భేదమును గలదు. సీతమ్మకథను జదివినవారు బాధితులే. అక్షరమక్షరము కూడఁబలుకుకొని చదివిరి. చదువుచున్నవారిలో సారాయి యమ్మువాఁడు లేఁడు. వరవిక్రయమును జూచినవారిలోఁ గట్న మిచ్చినవారు, గొన్నవారు, నీయఁబోవువారు, గొనఁబోవువారు నందఱును నొక్కచాపపైఁ గూర్చుండియుందురు. అందఱును లింగరాజును జూచి నవ్వుదురు. అందఱును నవ్వఁగల పాత్రము ఎవరిని నొప్పింపదు.

కావున సిద్ధాంత మిది. ఆచారము మాన్పింపలేదని ప్రహసనమును నిందించుట తగదు. అది కావ్యమునకుఁ బరీక్ష కాదు. సామాజికుని కడ నున్న మంచిపేరును, అనఁగాఁ గానుక, లాంఛనము, మర్యాద యను మాటలను, అతఁడు నాటకశాల వెడలునప్పుడు నిశ్చింతగా వెంటఁ గొనిపోఁగలిగెనా లేదా యన్నదే పరీక్ష. ఈ పరీక్షయందు గురజాడవారి కపటవధువు నెగ్గెను. కమల యభిధావాదము నెగ్గెను. లింగరాజు లోభము నెగ్గలేదు. పురుషోత్తమరావు భూవిక్రయ మింకను బరిహాసమునకు లోను కాక మిగిలియున్నది. మంచివాఁడు కొనునప్పుడు సయితము కొనుటయే యని, ఏడ్పింపక నవ్వించుచుఁ జెప్పఁగల రచన తెలుఁగున రావలసియున్నది. మూలమున నహంకారుఁడు తన నోటితోఁ దన పెండ్లిబేరమును బొగడుకొన్నట్లు, ఆ మంచివాఁడును దన త్యాగమును దా నే పొగడుకొనవలయును.

నాటకమాడువారికి నొక సూచన. ఆత్మకూరునఁ గాని యుదయగిరియందుఁ గాని వరవిక్రయము నాడునప్పుడు లింగరాజు వికారచేష్టలను బెంచుట మాని, పురుషోత్తమరావు పొలము నమ్ము ఘట్టమును, దానిని వినుచున్న కాళింది మౌనమును నిలిపి చూపుదురేని, కవి యర్ధోక్తిగా విడిచినది పూర్తియగును. పరిశోధకులకు వేఱొక పని కలదు. ఈ సీమల వియ్యాలపాటలలోఁ గట్నము, ఓలి, లాంఛనము లను మాటలు వచ్చు పాదములను, పాడు వృద్ధస్త్రీలు జీవించియుండఁగనే, పాడినవారి యూరును, బాడిన సందర్భమును గుర్తించి సేకరింపవలయును. ధన మెప్పుడు దిక్కు మార్చినదో, మూల్య మెప్పుడు కానుకపేరుఁ దాల్చినదో శాసనములకంటె నిష్కర్షగా నా పాటలే చెప్పవచ్చును. పెండ్లి కుదిర్చినవారు మాటలు మార్చిరి. ఎగతాళి చేసిన స్త్రీలకు మార్చవలసిన యవసరము లేకపోయెను.